పదకొండో గదిలో ఉక్కపోత

తనిఖీ అధికారి పెట్టిన థర్మామీటర్ పద్నాలుగు దగ్గరే ఆగిపోయింది.

వృద్ధుల గృహంలో ప్రతి గదీ ఇరవై రెండు డిగ్రీలుండాలి. అది రూలు. చివరనున్న పన్నెండో గదితో సహా అన్నీ వెచ్చగానే ఉన్నాయి. ఈ పదకొండుకే రోగం.

"శుక్రవారం మళ్లీ వస్తాను బురుల్ అక్కా. ఇలాగే ఉంటే గృహానికి సీలు వేయక తప్పదు," అన్నాడాయన.

ఆ గృహం నడిపే బురుల్‌కి దిక్కు తోచలేదు. ఇంతమంది ముసలివాళ్లు మంచులో ఎక్కడికి పోతారు?

రోగమేమిటో ఆమెకి తెలుసు. కచ్కిన్ తాత తన గదిని వెచ్చబరిచే వేడినీళ్ల రేడియేటర్ కుళాయి కట్టేసుకుని, గొర్రెతోలు కోటులో ముడుచుకుని కూర్చుంటాడు. ఎందుకు తాతా అంటే ఉక్కపోత అంటాడు. నరీన్ కొండల్లో, నవంబరులో ఉక్కపోత. వెనకటికి ఏం పని చేసేవాడివని అడిగితే మాట దాటేస్తాడు.

"తెరువు తాతా. నీ మొండితనానికి అందరూ వీధిన పడతారు."

"నన్ను ఎక్కడికైనా పంపెయ్ బిడ్డా. అది మాత్రం తెరవకు."

బురుల్‌కి ఒళ్లు మండింది. రోజూ పొద్దున్నే ఆమెకి టీ పోసి పెట్టేది ఆయనే. అయినా బుధవారం జీపులో కనుమ అవతలి గృహానికి పంపేసింది. పోతూ పోతూ ఆయన తన రెండు దుప్పట్లూ పన్నెండో గదిలోని ఉమ్సునై అవ్వకి ఇచ్చిపోయాడు. ఆవిడతో ఆయనకి పెద్దగా మాటల్లేవు.

జీపు దాటగానే కనుమ మంచుతో మూసుకుపోయింది. ఇక వసంతం దాకా దారి లేదు.

బురుల్ కుళాయి తెరిచింది. పదకొండో గది ఇరవై రెండుకి చేరింది. హమ్మయ్య అనుకుంది.

గురువారం పొద్దున ఉమ్సునై అవ్వ రెండు దుప్పట్ల కింద గజగజ వణుకుతోంది. ఇప్పుడు పన్నెండో గదిలో పద్నాలుగు.

ఊళ్లోని ప్లంబర్ వచ్చి పైపులు తడిమి చూశాడు.

"ఈ గదికి సన్న పైపు వేశారక్కా. పక్క గదిలో కట్టేస్తేనే ఇక్కడికి వేడి అందుతుంది. సాయంత్రానికి మార్చేస్తాలే."

తాత రెండేళ్లుగా చలిలో ఎందుకు కూర్చున్నాడో బురుల్‌కి అప్పుడర్థమైంది. ఆ బాధ కోపమై పైకొచ్చింది.

"ఏ బుద్ధిలేనివాడు వేశాడీ పైపు?"

"రేడియేటర్ వెనక చూడు. పాతకాలం పనివాళ్లు గోడ మీద పేరు రాసిపోయేవాళ్లు."

ఆమె టార్చి వేసి వంగింది.

సున్నం మీద ఎప్పటిదో పెన్సిలు రాత: "లావు పైపు చాల్లేదు. ఈ గదిలో ఉండేవాళ్లు మన్నించాలి. కచ్కిన్."