కన్నతల్లి కాపలా

తన కూతుర్ని ఎవడో మోసం చెయ్యబోతున్నాడని లక్ష్మణమ్మకు మంగళవారం పొద్దున్నే రూఢి అయిపోయింది.

పెరట్లో రాణి ఫోను పట్టుకుని నిలబడి ఉంది. అందులోంచి మగగొంతు వినబడుతోంది: “ఒక్కసారి మీ ఇంటికి రావాలి. అడ్రసు చెప్పు. చెప్పకపోతే ఎలాగోలా కనుక్కుని నేనే వచ్చేస్తాను.”

“ఎవుడే ఆడు?”

రాణి ఉలిక్కిపడింది. “గోవిందని... ఫోన్లో పరిచయమయ్యాడమ్మా. ఇజీనగరం. రేపు కోటబొమ్మాళి టేసన్లో కలుస్తానన్నాను. ఒక్కసారి కనబడితే ఊరుకుంటాడు.”

లక్ష్మణమ్మ గుండెలో రాయి పడింది. మొగుడు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరాని నాటినుంచీ భావనపాడులో ఎండుచేపలమ్మి పెంచిన పిల్ల. అది తప్ప ఆమెకు ఇంకెవరూ లేరు.

“నానూ వస్తాను.”

“నువ్వొస్తే అంతా పాడైపోద్ది. వద్దు!”

“అయితే ఇను. జనం మద్దెన కూకో. ఆడు ఇస్తే మంచినీళ్ళు కూడా తాగకు. మెళ్ళో గొలుసు తీసీ. మనూరు పేరు సెప్పకు.”

“ఊరేటి, నా అసలు పేరే సెప్పనేదు,” అని నవ్వింది రాణి.

పిల్ల తెలివికి తల్లి మురిసిపోయింది. అయినా మనసు ఊరుకోలేదు. మర్నాడు చేపల తట్ట నెత్తికెత్తుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని, కూతురికి తెలియకుండా స్టేషనుకు పోయింది. రాణి కూర్చున్న బల్లకు కాస్త ఎడంగా తట్ట దించుకుంది.

గోవింద్ వచ్చాడు. బక్కపలచని మనిషి. కూర్చోగానే కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మొదటిచూపుకే ఏడ్చే మగాణ్ణి లక్ష్మణమ్మ ఎక్కడా చూడలేదు. దొంగేడుపు, అనుకుంది.

అంతలో అతను సంచిలోంచి కొత్త చీర తీసి రాణి చేతుల్లో పెట్టాడు. లక్ష్మణమ్మకు ఒళ్ళు మండింది. చుట్టమూ పక్కమూ కానివాడు ఆడపిల్లకు బట్టలు పెట్టడమేమిటి? ఇది ఎర కాక మరేమిటి?

“ఇంటికి పోదాం, లే,” అంటూ అతను రాణి చెయ్యి పట్టుకున్నాడు.

లక్ష్మణమ్మ ఒక్క ఉరుకున పోయి అతని చొక్కా దొరకబుచ్చుకుంది. “ఒరే! దిక్కులేని పిల్లనుకున్నావేట్రా?”

జనం మూగారు. ఇద్దరు కూలీలు అతని చేతులు విరిచి పట్టుకున్నారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు.

“ఎవరమ్మా నువ్వు?” అన్నాడతను రొప్పుతూ.

“దాని కన్నతల్లినిరా!”

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. వాడి బండారం కూతురి నోటనే చెప్పిద్దామని లక్ష్మణమ్మ వెనక్కి తిరిగింది. బల్ల మీద రాణి లేదు. చీరా లేదు.

“మీరు పోయి పదిహేను రోజులైంది కదమ్మా!” అన్నాడు గోవింద్. “మీ ఆస్పత్రికీ, మీ దినానికీ డబ్బులు పంపింది నేనే.”