కాగితం వయసు

“పుట్టిన తేదీ చెప్పండి మేడమ్,” అంది ల్యాబ్ కౌంటర్లో కూర్చున్న రుచిత.

సింధూరి నోరు తెరిచేలోపే పక్కనున్న మొగుడు హర్షవర్ధన్ అందుకున్నాడు. “ఆగస్టు పదకొండు, తొంభై ఒకటి.”

ఆ తేదీ సింధూరి ఆధార్ కార్డులో ఉంది, పదో తరగతి సర్టిఫికెట్లో ఉంది, పెళ్ళికి చూపించిన జాతకంలోనూ ఉంది. ఒక్క అబద్ధం ఎన్నిచోట్ల కాపురం పెట్టిందో చూడండి! నిజానికి ఆమె పుట్టింది ఎనభై తొమ్మిదిలో. పామర్రులో బళ్ళో వేసేటప్పుడు, రేపు గవర్నమెంటు ఉద్యోగమొస్తే సర్వీసు కలిసొస్తుందని తండ్రి రెండేళ్ళు తగ్గించి రాయించాడు. ఉద్యోగం రాలేదుగానీ సంబంధం వచ్చింది. అబ్బాయి పుట్టింది తొంభైలో. పిల్ల ఏడాది పెద్దదంటే ఎవరు చేసుకుంటారు? జాతకం కూడా కాగితం ప్రకారమే రాయించేశారు. ఆరేళ్ళుగా పుట్టినరోజు కేకు మీద అంకె రెండు తక్కువే. ఆరుసార్లూ నవ్వుతూ కోసింది మహాతల్లి.

ఇప్పుడు నవ్వితే కుదిరేలా లేదు. కడుపులో బిడ్డ ఎదుగుదలలో లోపం ఉండే అవకాశం ఎంతో ఈ రక్తపరీక్ష లెక్కగడుతుందనీ, అందులో తల్లి వయసు చాలా ముఖ్యమనీ, ముప్పై అయిదు దాటితే మరీ జాగ్రత్తగా చూడాలనీ డాక్టరమ్మ పొద్దున్నే చెప్పింది. కాగితం మీద సింధూరికి ముప్పై నాలుగు. బిడ్డకి కాగితంతో పనేముంది?

ఇంటికొచ్చి, మొగుడు బయటికెళ్ళాక తల్లి బుల్లెమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ కయ్యిమంది. ఆరేళ్ళు దాచి ఇప్పుడు కొంప ముంచుకుంటావా అంది. నోరు మూసుకుని రిపోర్టు తెచ్చుకోమంది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పేద్దామని రెండుసార్లు తలెత్తింది. ఒకసారి అతను పెరుగు వేసుకోలేదేమన్నాడు. రెండోసారి ఆమె వంక అలా చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపుకే ఆమె తల దించేసుకుంది. ఇంట్లో ఉండేది ఇద్దరే. మనిషి ఎదురుగా ఉండగానే ఇంత ఒంటరిగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మర్నాడు అతను ఆఫీసుకి వెళ్ళగానే ఆటో ఎక్కి పటమటలోని ల్యాబ్‌కి వెళ్ళింది. దారి పొడుగునా పొట్ట మీద చెయ్యి తియ్యలేదు. కాపురం ఏమైనా కానీ, బిడ్డ లెక్క తప్పకూడదు. అంతే.

కౌంటర్ దగ్గర జనం పలచబడేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పింది.

“నా పుట్టిన సంవత్సరం తప్పు రాయించామండీ. ఎనభై తొమ్మిదని మార్చండి. మావారికి మాత్రం తెలియనివ్వకండి, మీకు పుణ్యం ఉంటుంది.”

రుచిత కంప్యూటర్లో చూసింది. మళ్ళీ సింధూరి మొహంలోకి చూసింది.

“ఎనభై తొమ్మిదనే ఉంది మేడమ్. నిన్న సాయంత్రమే మీవారొచ్చి మార్పించారు. తనకి తెలుసని మీకు మాత్రం చెప్పొద్దన్నారు.”