సిమి రక్తం

"మీ యంత్రమన్నా చెడిపోయుండాలి, మీ బుర్రన్నా చెడిపోయుండాలి. రెంట్లో ఏదో ఒకటి ఒప్పుకోండి!" కాయోడె అరచేత్తో బల్ల మీద చరిచాడు.

నర్సు ఒమోలారా కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. అబెయొకుటా పట్టణంలో సికిల్ సెల్ పిల్లలకు వైద్యం చేసే ఆ చిన్న క్లినిక్‌లో ఆవిడ తల నెరిసింది. ఏడ్చే తండ్రులను చూసింది, దేవుణ్ణి తిట్టే తండ్రులను చూసింది. ఇంతలా ప్రాణం తోడేసేవాణ్ణి మాత్రం ఇప్పుడే చూడటం.

"నాయనా, ఇది మూడో ల్యాబు. ఆ రెండూ చెప్పిందే ఇదీ చెప్పింది. మీ పాపది ఎస్ఎస్. సికిల్ సెల్ జబ్బు."

"నేను జనరేటర్లు బాగుచేసేవాణ్ణమ్మా! ఈ ఊళ్లో కరెంటు ఎట్లా వస్తుందో, ఎట్లా చస్తుందో నన్నడగండి. ఆ దెబ్బకి ఇంటింటా ఫ్రిజ్‌లు మాడి కూర్చుంటే మీ యంత్రం ఒక్కటీ నిక్షేపంగా ఉందా?"

"మూడు చోట్లా ఒకేలా మాడిందంటావా?"

కాయోడె భార్య మొరేనికె అందుకుంది. బట్టలకు నీలి అద్దకం వేసే పని ఆమెది. ఆ నీలిరంగు వేళ్లతోనే ఒళ్లోని రెండేళ్ల సిమి పాదాలు నిమురుతోంది. పాప చేతులూ కాళ్లూ పులిసిన పిండిలా ఉబ్బిపోయి ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి గొంతు కీచుగా అయిపోయింది.

"అది కాదమ్మా, మా ఇద్దరిదీ ఏఏ, ఏ దోషమూ లేని రక్తం. పాస్టర్ గారు పరీక్ష చేయించి, ఇద్దరి రక్తమూ మంచిదని తేలాకే మా పెళ్లి చేశారు. మా కడుపున పుట్టినదానికి ఈ పాడు జబ్బు ఎట్లా వస్తుంది?"

"అదే తల్లీ నేను మొత్తుకుంటున్నది! రక్తం తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిపోతుంది. అంత చిన్న తప్పు. అది ఒక్కరి నుంచే వస్తే ఏఎస్ అంటాం, మనిషి దిట్టంగా తిరుగుతాడు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే ఎస్ఎస్. అప్పుడు గుండ్రంగా ఉండాల్సిన రక్తకణం కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఈ వాపు అందుకే. ఈ ఏడుపు అందుకే."

"మా దగ్గర లేనిది దానికి ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరే చెప్పండి!" కాయోడె మళ్లీ బల్ల దగ్గరికొచ్చాడు.

"ఆ బల్లను చంపకు. ఇటు చేతులు చాపండి, ఇద్దరి రక్తమూ ఇప్పుడే తీసి చూస్తాను."

"నాకా?" కాయోడె రెండడుగులు వెనక్కి వేశాడు. "జబ్బు పిల్లదైతే నాకెందుకు సూది?"

"ముందు దీని నొప్పి తగ్గించండమ్మా. మా సంగతి తర్వాత," అంది మొరేనికె.

"నొప్పికి మందు వేశాను. మీ ఆయన యంత్రం గురించి అరుస్తుంటే నాకు నొప్పి వస్తోంది!" నర్సు సిరంజి బల్ల మీద పడేసింది. "పరీక్షంటే నమ్మరు. పరీక్ష చేస్తానంటే చేయి ఇవ్వరు. ఏం చేయమంటారు, పాప రక్తం కాళ్లు పట్టుకుని ఏఏగా మారమని బతిమాలనా?"

వెనక బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఆడవాళ్లలో ఒకావిడ పక్కామెతో గుసగుసలాడింది. గుసగుస అందరికీ వినపడింది.

"నాన్నది ఏఏ అయితే పిల్లది ఎస్ఎస్ ఎట్లా అవుతుందమ్మా? దాని నాన్న వేరే ఎవరో!"

బెంచీ అంతా కిసుక్కుమంది. మొరేనికె తల దించుకుంది.

కాయోడె గిరుక్కున తిరిగాడు. "ఎవరే ఆ మాటన్నది? నా పెళ్లాన్ని ఇంకొక్క మాటంటే ఊరుకోను!" బెంచీ వైపే చూస్తూ, ఒక్కసారిగా చేతులు కిందికి వదిలేశాడు. "ఆమె తప్పేం లేదు. దొంగను నేను. నాది ఏఏ కాదు, ఏఎస్."

అతను భార్య ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. "పాస్టర్ గారు పరీక్షకు పంపినప్పుడు నేను వెళ్లలేదు మొరేనికె. మా తమ్ముడు వెళ్లి నా పేరు చెప్పి రక్తం ఇచ్చాడు. వాడిది ఏఏ. ఒకవేళ నీదీ ఏఎస్ అని తేలితే మన పెళ్లి చేయరని భయమేసింది. నువ్వు లేకపోతే నేనేమైపోవాలి? తీరా నీది ఏఏ అన్నారు. ఇంక పిల్లలకేం భయం లేదులే అనుకున్నాను. కొట్టు. తిట్టు. మీ అన్నలను పిలిపించు."

"ఓరి మూర్ఖుడా!" నర్సు తల పట్టుకుంది. "ఈ ముక్క మొదటి రోజే ఏడవకూడదూ? అయినా లెక్క ఇంకా తెగలేదు. నీ దగ్గర్నుంచి వచ్చింది ఒక్కటే. ఒక్కదానితో ఈ జబ్బు రాదు. ఆ రెండోది ఎక్కడిది?"

మొరేనికె కొట్టలేదు, తిట్టలేదు. సిమి చెంప మీది కన్నీళ్లు తుడిచింది.

"ఆ పరీక్షకు నేనూ వెళ్లలేదు. నా పేరు చెప్పి రక్తం ఇచ్చింది, మా అక్క."