నర్సమ్మ చెల్లెలు

2023 ఆగస్టు ఆరున తౌఫీక్‌కు నర్సింగ్ సీటు వచ్చిందని గురజాలలో వాళ్లింట కుష్కా, దాల్చా తిన్నారు. "మగోడు సూదులేయడమేంది?" అని రంకెలేసిన తండ్రి మొహిద్దీన్‌ను బతిమాలి ఒప్పించింది చెల్లెలు సబీహానే.

రెండేళ్లు తిరిగాయి, ఇప్పుడు వంతు ఆమెది. తండ్రి ట్రాక్టర్ షెడ్డులో ఇంజన్లు విప్పుతూ పెరిగిన పిల్ల, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేరతానంది.

"చదువుకున్నోడివి, నువ్వు చెప్పరా," అన్నాడు మొహిద్దీన్ కొడుకుతో.

సబీహా ధీమాగా అన్న వైపు చూసింది.

"వద్దు అబ్బాజాన్. ఆడపిల్లలది మెత్తటి మనసు. ఆ పని వాళ్లకు పడదు."

"వార్డులో రక్తం చూసి కళ్లు తిరిగి పడింది ఎవరు భయ్యా?"

"చాల్లే. టీచర్ ట్రైనింగుకు పో," అని తేల్చేసి మొహిద్దీన్ నమాజుకు వెళ్లిపోయాడు.

"ఎందుకట్లా చెప్పావు?"

తౌఫీక్ తలెత్తలేదు. "బజార్లో నన్నింకా నర్సమ్మా అనే పిలుస్తున్నారే. నువ్వు స్పానర్ పట్టావంటే, ఆ ఇంట్లో మగోడెవరని చానా నవ్వుతారు."

"అందుకని నన్ను బలిచ్చావా?"

నవ్వేవాళ్లను నవ్వనిమ్మని ఆనాడు తండ్రికి నచ్చజెప్పింది గానీ, ఆ మాట చెప్పాల్సింది అన్నకేనని సబీహాకు ఇప్పుడు తెలిసింది.

అతనికి పళ్లెంలో వడ్డించి, నీళ్లు పెట్టి, తన గదిలోకి వెళ్లి మెల్లగా తలుపేసుకుంది.