పెద్ద మోటారు

"ఉన్నవాటిలో పెద్ద మోటారే తెప్పించు. ఈ హ్యాండిలు తిప్పాలంటే నా రెక్కే ఉండాలి," అన్నాడు తండ్రి, ఇనుము చెక్కే మిల్లింగ్ మిషన్ మీద చెయ్యేసి, ఎద్దును బేరానికి పెట్టినవాడిలా.

కూతురు కేటలాగు తిరగేస్తోంది. చేత్తో తిప్పడం ఆమెవల్ల కాదని ఆయన తేల్చేశాడు కాబట్టే, మోటారు పెట్టి కంప్యూటర్‌తో తిప్పిద్దామని పట్టుబట్టింది.

"పెద్ద మోటారంటే దాన్ని నడిపే కంట్రోలరూ పెద్దదే కావాలి నాన్నా. ముందు దీనికి నీ రెక్క బలం ఎంత కావాలో తూచనీ."

హ్యాండిలుకి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగింది. ముల్లు చివరికంటా పోయింది గానీ హ్యాండిలు కదల్లేదు.

"చూశావా? ఆడపిల్లకి లొంగే సరుకు కాదిది." ఆయన మీసం దువ్వుకున్నాడు.

ఆమె వంగి, హ్యాండిలు తిప్పితే జరిగే మిషన్ బల్ల అంచున పేరుకున్న జిడ్డును గుడ్డతో తుడిచింది. చిన్న పిడి ఒకటి బయటపడింది.

"ఇదేంటి?"

"బల్ల కదలకుండా బిగించేది. ఎప్పుడో బల్ల వణుకుతుంటే కాస్త బిగించి..." ఆయన చెయ్యి మీసం మీంచి దిగింది.

ఆమె పిడి వదులుచేసి, హ్యాండిలును చూపుడువేలితో తోసింది. అది గిర్రున తిరిగింది.

ఆయన భుజం తడుముకున్నాడు. ఇన్నేళ్లూ తన మతిమరుపుతోనే కుస్తీ పట్టాడన్నమాట. భార్య చేత రాయించుకున్న తైలమంతా గుర్తొచ్చింది.

"చిన్న మోటారు చాల్లే," అన్నాడు మెల్లగా.

కూతురు కేటలాగు మూసి ఆయన చేతిలో పెట్టింది.

"మోటారు సంగతి తర్వాత. ముందు నువ్వు పక్కకి జరుగు నాన్నా."