గోడవతలి నారు

ఆ ఉదయం మబ్బులు కమ్ముకొచ్చినట్టే వచ్చి, చినుకు రాల్చకుండా చెదిరిపోతున్నాయి. నల్లపాడులో పత్తిమిల్లు యజమాని ఇంట్లో, ఈతకొలను నీళ్ళు శుభ్రం చేసే కొత్త మిషన్ బిగించి, నజీర్ ఉప్పు బస్తా మూతి విప్పాడు.

"ఆగరా! ఉప్పెందుకు?" కొలను చూసుకునే ఇమ్మానుయేలు బస్తా పట్టుకున్నాడు.

"నీళ్ళలో ఉప్పు కలిపితేనే మిషన్ క్లోరిన్ తయారుచేస్తుంది. ఈ బస్తాలన్నీ పొయ్యాలి."

ఇమ్మానుయేలు కాలు నిలవక గోడదాకా వెళ్ళొచ్చాడు. ఫిల్టరు కడిగిన నీళ్ళు గోడవతల అతని భార్య జయకుమారి పోసిన మిరపనారుకే పారతాయి.

"బ్లీచింగుకి నారు పసుపెక్కుతోందని, అయ్యగారి వెంటపడి ఈ మిషన్ పెట్టించింది నేనేరా."

"ఉప్పునీళ్ళకైతే ఒక్క మొక్క మిగలదు. వద్దని చెప్పు మరి."

"నేనే అడిగి, నేనే వద్దంటే నన్ను పన్లో ఉంచుతాడా?"

అన్నం క్యారేజీతో జయకుమారి వచ్చింది. "మిషనొచ్చిందా అన్నా? మా ఆయన చలవే. ఇక నా నారు తేరుకుంటుంది."

నజీర్ తల తిప్పుకున్నాడు.

"జయా, ఆ నీళ్ళింక నారుకు పనికిరావు. ఉప్పు కలుపుతారంట," అన్నాడు ఇమ్మానుయేలు. "నాకు తెలీదే."

"మిషన్ మిషనని నెల్లాళ్ళు నా చెవులు తినేశావు. అందులో ఏం పోస్తారో ఒక్కసారన్నా అడిగావా?"

అతను పార తీసుకుని గోడవతలికెళ్ళి, నారుకు పారే కాలువకు తానే మట్టి అడ్డం వేశాడు. తిరిగొచ్చి, "వీధి కుళాయి దగ్గర్నించి నీళ్ళు నేను మోస్తా," అన్నాడు.

"ఒక్కడివే ఎక్కడ మోస్తావులే. చెయ్యి కడుక్కో. అన్నా, నువ్వూ రా."

ముగ్గురూ గోడనీడన కూర్చున్నారు. ఇమ్మానుయేలు ముద్ద నోట పెట్టకుండా కలుపుతూనే ఉంటే, జయకుమారి అతని పళ్ళెంలో ఇంకాస్త పప్పు వేసింది. అతను తిన్నాడు.