చొక్కా మార్చుకో, బాబూ

ఎనిమిదో తూటా పేలేసరికి కోల్బీ కళ్ళు భగ్గుమన్నాయి.

పిస్టల్ బల్లమీద పెట్టి, కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, చొక్కా చేతితో కన్నీళ్ళు తుడుచుకున్నాడు.

పిస్టల్ చప్పుడు తగ్గించే కొత్త సైలెన్సర్. అనుమతి కాగితాల కోసం నెలల తరబడి కాచుకున్నాడు. తీరా బిగించాక, పేల్చిన ప్రతిసారీ పొగా, కాలని మందూ వెనక్కి తన్ని మొహాన కొడుతున్నాయి.

తూటాలు మార్చాడు. విప్పి శుభ్రం చేశాడు. వీడియోలన్నీ చూశాడు. మార్పేమీ లేదు.

"ఏమయ్యా, గురి తప్పినందుకా ఆ ఏడుపు?" పక్క వరసలోంచి ఎవరో అన్నారు. అమెరికాలోని ఐడహోలో, తుపాకి గురి సాధన చేసే ఆ షూటింగ్ రేంజికి వచ్చేవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే. అందరూ నవ్వారు.

"నేనొకసారి చూడనా, బాబూ?"

తడిగుడ్డ కర్రతో నేల తుడిచే పెద్దాయన. పేరు వెండెల్.

"మీకు తెలుసా వీటి సంగతి?"

"ఏదో కొంచెం."

వెండెల్ పిస్టల్ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూశాడు.

"లోపలి స్ప్రింగు పిస్టల్‌తోపాటు వచ్చిందేనా?"

"అవును."

"అదీ సంగతి. సైలెన్సర్ ముందు దారి బిగించేసింది. లోపల ఒత్తిడి తగ్గకముందే పైన జరిగే భాగం, ఆ స్లైడ్, వెనక్కి వచ్చేస్తోంది. ఇంక పొగకి నీ మొహమే దిక్కు. గట్టి స్ప్రింగు వెయ్యి. బరువు తూటా వాడు, నెమ్మదిగా పోయేది. అంచులు మూసుకుపోయే కళ్ళజోడు పెట్టు. అప్పుడు కూడా కాస్తో కూస్తో వస్తుందనుకో."

రేంజి యజమాని రూలన్ దగ్గర గట్టి స్ప్రింగు దొరికింది. మూసుకునే కళ్ళజోడూ దొరికింది.

పది తూటాలు వరసగా పేల్చాడు. కళ్ళు మండలేదు.

"పెద్దాయనా, మీరు దేవుడు!"

"అంత లేదులే. ఇంట్లో పిల్లలున్నారా?"

"ఒక పాప. మార్చికి రెండు నిండుతాయి."

"అయితే ఆ చొక్కా ఇక్కడే మార్చుకో. చేతులూ మొహం సబ్బుపెట్టి చన్నీళ్ళతో కడుక్కో. ఆ పొగలో సీసం ఉంటుంది. కంటికి కనబడదు."

"మా అత్తగారూ ఇంతే. గుమ్మంలోనే బూట్లు విప్పించేస్తుంది."

"ఆవిడ మాట విను."

కోల్బీ నవ్వేసి, సామాను సర్దుకుని బయటికి నడిచాడు.

అతని బండి రిపేరులో ఉంది. తీసుకెళ్ళడానికి భార్య జెనెల్ కారేసుకుని వచ్చింది. తలుపు తీసి దింపగానే పాప జూనీ "డాడీ!" అంటూ పరుగెత్తుకొచ్చింది.

కోల్బీ వంగి చేతులు చాచాడు.

"ఎత్తుకోకు!"

వెండెల్ కర్రతో సహా పరుగెత్తుకొచ్చి అతని మోచెయ్యి పట్టి వెనక్కి గుంజాడు. జూనీ కెవ్వుమంది.

"ఏయ్! చెయ్యి తియ్!"

"చొక్కా... చొక్కా మార్చుకో, బాబూ. ఒక్క నిమిషం. నా కారులో ఉతికింది ఉంది, ఇస్తాను."

"ఎవరు కోల్బీ ఈయన? పిచ్చా?" జెనెల్ పాపకి అడ్డంగా వచ్చి నిలబడింది.

కోల్బీ ముసలాయన్ని తోసేసి పాపను ఎత్తుకున్నాడు. జూనీ వెక్కుతూ అతని భుజంలో మొహం దాచుకుంది. కన్నీళ్ళు ఆ చొక్కాకే తుడుచుకుని, వేలు నోట్లో పెట్టుకుంది.



"ఆయనుంటే నేను రాను, రూలన్," ఆ సాయంత్రమే ఫోన్లో చెప్పాడు కోల్బీ. "పిల్ల జడుసుకుంది."

"నేను మాట్లాడతాలే."

తర్వాతి శనివారం వెండెల్ కనిపించలేదు. చలికాలమంతా కోల్బీ ప్రతి వారం వెళ్ళాడు. కళ్ళు ఒక్కసారి కూడా మండలేదు.

మార్చిలో జూనీకి రెండేళ్ళ పరీక్షలు చేశారు. వేలు పొడిచి రక్తం తీశారు. రెండ్రోజులకు మళ్ళీ రమ్మని, ఈసారి నరంలోంచి తీశారు.

"రక్తంలో సీసం అంకె మూడున్నర దాటకూడదు. పద్దెనిమిది ఉంది," అంది డాక్టరు. "మీది పాత ఇల్లా? గోడల రంగు ఊడుతోందా?"

"కొత్త ఇల్లండీ," అంది జెనెల్.

"ఇంట్లో ఎవరైనా తుపాకులు పేలుస్తారా?"

కోల్బీ అవునన్నట్టు తలూపాడు.

"మందివ్వండి," అన్నాడు.

"ఈ అంకెకి మందు వాడం. సీసం పాప దగ్గరికి రాకుండా చూడండి. మంచి తిండి పెట్టండి. నెలకోసారి రక్తం చూద్దాం."

"ఇప్పటిదాకా జరిగిన నష్టం?"

"సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. ఎంతన్నది ఇప్పుడే చెప్పలేను. బడికి వెళ్ళాక తెలియొచ్చు. తెలియకపోనూవచ్చు. పోయింది మాత్రం తిరిగిరాదు."

"మరి నేనేం చెయ్యాలి?"

"కనిపెట్టుకుని ఉండాలి. అంతే."

జూనీ ఎత్తుకోమని చేతులు చాచింది. కోల్బీ తన చొక్కా వంక చూసుకున్నాడు. జెనెల్ పాపను తీసుకుంది.

అక్కణ్ణించి అతను నేరుగా రేంజికి వెళ్ళాడు.

"వెండెల్ ఇల్లెక్కడ, రూలన్?"

"ఖాళీ చేసేశాడు. నెబ్రాస్కాలో చెల్లెలి దగ్గరికి వెళ్తున్నానన్నాడు. ఫోను కూడా కలవడం లేదు."

"ఆయనకి ఇవన్నీ ఎలా తెలుసు? డాక్టరా?"



"పదకొండేళ్ళు ఇక్కడ తుడిచాడు. నేను ఏనాడూ అడగలేదు. నేను ఇక రావద్దని చెప్పిన రోజు ఆయనే చెప్పాడు. ఒకప్పుడు రోజూ పేల్చేవాడట. సీసం కరిగించి ఇంట్లోనే తూటాలు పోసుకునేవాడట. అదే చొక్కాతో చంటి కొడుకుని గుండెలమీద వేసుకుని నిద్రపుచ్చేవాడట."

"ఆ కొడుకు..."

"ముప్ఫై ఒకటి నిండాయి. పొద్దున్నే వాడికి గడ్డం గీసేది ఇప్పటికీ వెండెలే."